విరిగిన బోల్టును పారేయకండి

ప్రశ్న: మెకానికల్ ఇంజినీరుగా నాలుగేళ్ల అనుభవం ఉంది. చదువుకున్నదంతా చూస్తుండగానే పాతబడిపోతోందన్న భయం పట్టుకుంది. ఒకవైపు ఎలక్ట్రిక్ వాహనాలు, ఇంకోవైపు త్రీడీ ప్రింటింగ్, అన్నిటికీ మించి కృత్రిమ మేధ. ఏది నేర్చుకోవాలో తేల్చుకోలేకపోతున్నాను. సీనియర్లను అడిగితే ‘ముందు బేసిక్స్ గట్టి చేసుకో’ అంటున్నారు. అది నిజంగా పనికొచ్చే సలహాయేనా, కొత్తవి నేర్చుకోలేనివాళ్లు చెప్పే మాటా?

సమాధానం:

మీ అనుమానంలో కొంత నిజం ఉంది. బేసిక్స్ అంటే ఏమిటో విడమరిచి చెప్పకుండా ఆ మాట అనేసి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. అందుకే కాస్త వివరంగా రాస్తాను.

నేను ముప్పై నాలుగేళ్లుగా తిరిగే యంత్రాల నిర్వహణలో ఉన్నాను. పంపులు, ఫ్యాన్లు, కంప్రెసర్లు, వాటిని తిప్పే మోటార్లు. కష్టపడి నేర్చుకున్న వాటిలో చాలా సంగతులు ఇవాళ ఎవరికీ అక్కర్లేదు. డ్రాయింగ్ బోర్డు మీద ట్రేసింగ్ కాగితం పరచి, సిరా పెన్నుతో మొదలునుంచి చివరిదాకా ఒకే మందంలో గీత గీయడం చేతికి రావడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. గీత చెదిరితే బ్లేడు అంచుతో సిరాను గీకి, కాగితం చిరగకుండా మళ్లీ గీయాలి. కంప్యూటర్లు వచ్చాక రెండు మూడేళ్లలో ఆ నేర్పుకు విలువ లేకుండా పోయింది. అందుకు నాకు విచారం లేదు. అయితే అదే బోర్డు ముందు నేర్చుకున్నది ఇంకొకటి ఉంది. ఏ భాగం దేనికి ఆనుతుంది, మధ్యలో ఎంత సందు ఉండాలి, బరువు ఎటునుంచి ఎటు దిగుతుంది, వేడెక్కితే ఎటు సాగుతుంది అన్నది. అది ఈ వారం కూడా పనికొచ్చింది.

గీత గీయడం పనిముట్టుకు సంబంధించిన విద్య. బరువు దిగే దారి చూడటం పదార్థానికి సంబంధించిన విద్య. మొదటిది మారుతుంది, మారాలి కూడా. రెండోది మారదు. ఎంత గొప్ప ఆవిష్కరణ అయినా చివరికి ఏదో ఒక లోహం మీద, ఏదో ఒక బోల్టు మీద, ఏదో ఒక నూనెపొర మీద వచ్చి నిలబడాలి. చిక్కులు మొదలయ్యేది కూడా ఆ నిలబడే చోటే. కొత్తదీ పాతదీ కలిసే ఆ చోటును చూడగలిగినవారికి పని లేకపోవడం నా ఇన్నేళ్లలో నేను చూడలేదు.

ఒక ఉదాహరణ చెబుతాను. మేము నడిపిన ఒక పెద్ద ఫ్యాను ఎప్పుడూ పూర్తి వేగంతో తిరిగేది. గాలి తక్కువ కావాలంటే దారిలో డ్యాంపర్ (గాలిని అడ్డుకునే పలక) మూసేవాళ్లం. ఒక కాలు యాక్సిలరేటర్ మీద, ఇంకో కాలు బ్రేకు మీద పెట్టి బండి నడిపినట్టు ఉండేది ఆ పద్ధతి. తర్వాత మోటారు వేగాన్నే తగ్గించే ఎలక్ట్రానిక్ డ్రైవ్ బిగించారు. చాలా మంచి మార్పు. ఫ్యాను తీసుకునే శక్తి వేగపు ఘనాన్ని (వేగం × వేగం × వేగం) బట్టి మారుతుంది కాబట్టి, వేగాన్ని 80 శాతానికి తగ్గిస్తే శక్తి దాదాపు సగానికి పడిపోతుంది. అందరం సంతోషించాం. కొన్ని నెలలకు మోటారు బేరింగ్ మూలగడం మొదలుపెట్టింది. మార్చాం. మళ్లీ కొన్ని నెలలకు అదే మూలుగు. గ్రీజు మార్చాం, అలైన్‌మెంట్ సరిచూశాం. మూడోసారి పాత బేరింగ్‌ను పారేయకుండా, బయటి రింగును కోయించి వెలుతురులో పట్టుకుని చూశాను. బంతులు దొర్లే దారి అద్దంలా నున్నగా ఉండాలి. అలా లేదు. దువ్వెన పళ్ల మాదిరిగా, సమానమైన ఎడంతో, దారికి అడ్డంగా బూడిదరంగు గీతలు. గోరుతో రాస్తే తగులుతున్నాయి.

కారణం ఏమిటంటే, ఆ డ్రైవ్ కరెంటును సెకనుకు వేలసార్లు ఆపి వదులుతుంది. దానివల్ల మోటారు షాఫ్టు మీద కొంత వోల్టేజి చేరుతుంది. అది నేలకు దిగడానికి దారి వెతుక్కుంటుంది. బేరింగ్ బంతికీ రింగుకూ మధ్య ఉండే నూనెపొర ఎంతో పలచన. వోల్టేజి ఆ పొరను చీల్చుకుని చిన్న మెరుపులా దూకుతుంది. దూకిన ప్రతిచోటా ఉక్కు కరిగి కంటికి కనపడని గుంట పడుతుంది. లక్షల గుంటలు పడ్డాక బంతుల దొర్లుడుకు అవి గట్లుగా మారతాయి. ఇన్సులేషన్ ఉన్న బేరింగ్ వేసి, షాఫ్టుకు ఎర్తింగ్ బ్రష్ పెట్టాక సమస్య తీరింది.

అప్పుడు జరిగిన చర్చ నాకు బాగా గుర్తుంది. డ్రైవ్ తెలిసిన ఇంజినీరు ‘బేరింగ్ నాసిరకం’ అన్నాడు. బేరింగ్ తెలిసిన ఫిట్టరు ‘గ్రీజు మంచిది కాదు’ అన్నాడు. ఇద్దరూ తమ పనిలో దిట్టలే. తప్పు ఇద్దరి మధ్యా ఉంది. మోటారు షాఫ్టుల్లో కరెంటు పారి బేరింగులు పాడవుతాయని ఇంజినీర్లు 1920ల నాటికే రాసిపెట్టారు. డ్రైవ్ కొత్తది, తెచ్చిన జబ్బు పాతది. మీరడిగిన ‘ఏది నేర్చుకోవాలి’కి నా మొదటి జవాబు ఇందులోనే ఉంది. మెకానికల్ వాళ్లు డ్రైవ్‌లూ మోటార్లూ నేర్చుకోవాలి, తమ బేరింగ్‌ను వదిలిపెట్టకుండా.

మీ భయంలో ఇంకో భాగం వేగం గురించి. ఐదేళ్లలో అంతా మారిపోతుందని రోజూ వినపడుతోంది కదా. గతంలో మార్పులు ఎలా వచ్చాయో చూస్తే కొంత ఊపిరి పీల్చుకోవచ్చు. జేమ్స్ వాట్‌కు ఆవిరిని వేరే గదిలో చల్లబరచాలన్న ఆలోచన 1765లో తట్టింది. 1769లో పేటెంటు వచ్చింది. కానీ ఇంజిను పనిలోకి దిగింది 1776లో. ఆలోచనలో లోపమేమీ లేదు, సిలిండరును గుండ్రంగా తొలిచే దారే లేదు. పిస్టనుకూ గోడకూ మధ్య సందుల్లోంచి ఆవిరి పోయేది. గుడ్డలు, కార్కులు కుక్కి చూశారు. చివరికి దారి చూపినది ఫిరంగులు తొలిచే జాన్ విల్కిన్‌సన్. తొలిచే కడ్డీని ఒక చివరే పట్టుకుంటే అది వంగుతుంది కాబట్టి, సిలిండరు గుండా పోనిచ్చి రెండు చివరలా ఆధారం ఇచ్చాడు. 50 అంగుళాల సిలిండరులో తేడా పాత షిల్లింగు నాణెం మందమంత కూడా లేదని వాట్ భాగస్వామి మాథ్యూ బోల్టన్ ఎంతో సంబరంగా రాసుకున్నాడు. ఇవాళ బేరింగ్ బిగింపులో మైక్రాన్లు లెక్కపెట్టే మనకు ఒక నాణెం మందం చాలా పెద్ద తేడా. ఆవిరియుగం మొదలవడానికి ఆ మాత్రం చాలింది. విల్కిన్‌సన్ పేరు వాట్ పేరులో పదోవంతు కూడా వినపడదు. అది నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

విద్యుత్తు సంగతీ ఇంతే. న్యూయార్క్‌లో ఎడిసన్ పెర్ల్ స్ట్రీట్ విద్యుత్ కేంద్రం 1882లో మొదలైంది. ఫ్యాక్టరీలు చాలాకాలం చేసిన పని, ఆవిరి ఇంజిను తీసి అదే చోట పెద్ద మోటారు పెట్టడం. పైకప్పు కింద పొడవాటి షాఫ్టు, దానినుంచి ప్రతి యంత్రానికీ బెల్టులు, అన్నీ యథాతథం. ఒక్క యంత్రం నడవాలన్నా మొత్తం షాఫ్టు తిరగాల్సిందే. ప్రతి యంత్రానికీ సొంత మోటారు పెట్టి, షాఫ్టుకు దగ్గరగా ఉండాలన్న నిర్బంధం లేకుండా, పని సాగే వరుసలో యంత్రాలను అమర్చుకోవడం విస్తృతంగా జరిగింది 1920ల్లో. మోటారు దొరికినంత మాత్రాన మార్పు రాలేదు. భవనం, అమరిక, పనివాళ్ల అలవాటు, మేనేజర్ల ఆలోచన, అన్నీ దాని వెంట కదలాల్సి వచ్చింది. ఇవాళ్టి మార్పులు ఇంతకంటే త్వరగా వస్తాయి, కాదనను. అయినా ప్రకటనలో కనిపించే తేదీకీ, నడిచే యంత్రంలో కుదురుకునే తేదీకీ మధ్య ఉండే ఆ ఎడంలోనే మనలాంటివాళ్ల పని ఉంటుంది.

పాతదాన్ని గుడ్డిగా నమ్మమని మాత్రం చెప్పను. 1996 జూన్ 4న ఏరియన్ 5 రాకెట్ తొలి ప్రయోగంలోనే 40 సెకన్లలోపు దారి తప్పి ముక్కలైంది. అందులో ఏరియన్ 4 నుంచి తెచ్చి పెట్టిన సాఫ్ట్‌వేర్ ఉంది. పాత రాకెట్‌లో ఏళ్ల తరబడి చక్కగా పనిచేసినదే. కొత్త రాకెట్ అడ్డంగా మరింత వేగం అందుకోవడంతో, 16 బిట్లలో ఇమడాల్సిన సంఖ్య ఇమడలేదు. ఏ హద్దుల మధ్య అది సరిగా పనిచేసిందో కొత్త రాకెట్‌కు మళ్లీ లెక్క చూడలేదు. ‘ఎన్నాళ్లుగానో నడుస్తోంది’ అన్నది ఆ పరిస్థితులకే సాక్ష్యం. పరిస్థితి మారితే సాక్ష్యం చెల్లదు.

ఇక నా మనసుకు అన్నిటికంటే దగ్గరైన విషయం, లోహపు అలసట. మనం ఫెటీగ్ అంటాం. ఒకసారి లాగితే తెగని కడ్డీ, అందులో సగం బలంతోనే లక్షలసార్లు అటూ ఇటూ లాగితే తెగిపోవచ్చు. 1842లో ఫ్రాన్స్‌లో వెర్సాయ్ దగ్గర ఒక రైలింజిను ఇరుసు విరిగి ఘోర ప్రమాదం జరిగింది, యాభైమందికి పైగా చనిపోయారు. అదురుకు ఇనుము లోపల స్ఫటికాలుగా మారిపోతుందని ఆ రోజుల్లో చాలామంది నమ్మారు. ప్రష్యా రైల్వేల్లో పనిచేసిన ఆగస్ట్ వోలర్ ఏళ్ల తరబడి ఇరుసుల మీద పరీక్షలు చేసి, ఎంత బలం ఎన్నిసార్లు పడితే విరుగుతుందో పట్టికలు కట్టాడు. 1870 నాటికి ఇదంతా అచ్చులో ఉంది.

అయినా 1954లో కామెట్ అనే బ్రిటిష్ ప్రయాణికుల జెట్ విమానాల్లో రెండు మూడు నెలల తేడాలో ఒకదాని తర్వాత ఒకటి గాలిలోనే విచ్ఛిన్నమయ్యాయి. వాటిని తయారుచేసినవాళ్లకు ఫెటీగ్ తెలియక కాదు. వాళ్లు పరీక్షించారు, పరీక్షలో విమానపు గొట్టం వేలసార్లు ఒత్తిడిని తట్టుకుంది. లోపం ఎక్కడంటే, ఆ నమూనాకే అంతకుముందు బలపరీక్ష కోసం మామూలుకంటే చాలా ఎక్కువ ఒత్తిడి ఇచ్చారు. ఆ ఒత్తిడికి కిటికీ మూలల దగ్గర లోహం కొద్దిగా సాగి కుదురుకుంది. అలా సాగిన చోట పగులు త్వరగా పుట్టదు. అంటే ఒక పరీక్ష రెండో పరీక్షను తెలియకుండా సులభం చేసింది. ప్రయాణికులను మోసే విమానాలకు ఆ మేలు జరగలేదు. ప్రమాదాల తర్వాత బ్రిటన్‌లోని ఫార్న్‌బరో విమాన పరిశోధన కేంద్రంలో ఒక కామెట్‌ను నీళ్ల తొట్టిలో ముంచి, లోపల నీటి ఒత్తిడి పెంచుతూ దించుతూ ఉంటే, అది అప్పటికే ఎగిరినవీ తొట్టిలో లెక్కించినవీ కలిపి దాదాపు 3,000 ప్రయాణాలకే చీలింది.

ఈ కథను కొత్తగా చేరిన ప్రతి ఇంజినీరుకూ చెబుతాను. పరీక్షలో నెగ్గిందన్న కాగితం చేతికి వచ్చినప్పుడు ‘పరీక్షించిన వస్తువూ వాడబోయే వస్తువూ ఒకటేనా?’ అని అడగడం అలవాటు చేసుకోండి. త్రీడీ ప్రింటింగ్‌లో చేసిన లోహపు భాగానికి ఇది అక్షరాలా వర్తిస్తుంది. నున్నగా చెక్కిన నమూనా కడ్డీ ఒక ఫలితం ఇస్తుంది. ప్రింటరు నుంచి గరుకుగా వచ్చిన అసలు భాగం, పొరల మధ్య చిన్న చిన్న బుడగలతో, వేరే ఫలితం ఇస్తుంది. పగులుకు మొదలవడానికి ఒక గీత, ఒక బుడగ, ఒక పదునైన మూల ఉంటే చాలు. వోలర్ ఇరుసుకైనా, నిన్న ప్రింటయిన బ్రాకెట్‌కైనా అంతే.

ఎలక్ట్రిక్ వాహనాల గురించి ఒక్క బోల్టు సంగతి చెప్పి ఊరుకుంటాను, ఎందుకంటే అందరూ మోటారూ బ్యాటరీ రసాయనమూ చూస్తారు, బోల్టు ఎవరూ చూడరు. బ్యాటరీ సెల్‌లను కలిపే పట్టీల మీద బిగింపు వదులైతే అక్కడ నిరోధం పెరుగుతుంది, వేడి పుడుతుంది, వేడికి బిగింపు ఇంకా వదులవుతుంది. బోల్టును తిప్పడం బిగింపు కాదు. బోల్టు స్ప్రింగులా కొద్దిగా సాగి, ఆ సాగుదలతో రెండు భాగాలను నొక్కి పట్టాలి. టార్క్ రెంచ్‌తో (పెట్టిన అంకె దాకా బిగించగానే ‘క్లిక్’ మనే పానాతో) మనం పెట్టే బలంలో సుమారు సగం బోల్టు తల కింద రాపిడికి పోతుంది, 40 శాతం మర (బోల్టు మీది చుట్లు) రాపిడికి పోతుంది, బోల్టును సాగదీసేది పదోవంతు. ఇప్పుడు ఆలోచించండి. ఎవరో మంచి ఉద్దేశంతో మరకు నూనె రాశారు. రెంచ్‌లో అంకె మారలేదు, ‘క్లిక్’ మన్న చప్పుడు కూడా వచ్చింది, కానీ రాపిడి తగ్గింది కాబట్టి బోల్టు అనుకున్నదానికంటే చాలా ఎక్కువ సాగింది. మర పొడిగా తుప్పు పట్టి ఉంటే దీనికి తలకిందులు. రెంచ్‌లో చూసే అంకె ఒకటి, బోల్టులో ఉన్న బలం ఇంకొకటి. సీనియర్లు బేసిక్స్ అన్నప్పుడు ఇదీ వాళ్ల ఉద్దేశం అయి ఉండాలి. కనీసం నా ఉద్దేశం ఇదే.

కృత్రిమ మేధ విషయానికి వస్తే, నేను దానికి వ్యతిరేకిని కాను. మా దగ్గర యంత్రాల అదురును రాత్రింబవళ్లు కొలిచే సెన్సర్లున్నాయి. వాటి లెక్కలు చూసి హెచ్చరించే సాఫ్ట్‌వేర్ ఉంది. మనిషి చెవికి అందని మార్పును వారాల ముందే పట్టుకుంటుంది. చెవి దగ్గర స్క్రూడ్రైవర్ పిడి ఆనించుకుని బేరింగ్ శబ్దం వినడం నాకు వచ్చినా, ఆ సాఫ్ట్‌వేర్ ముందు ఆ నేర్పు చాలదు. కానీ ఒకసారి అది ఒక పంపు మోటారుకు బేరింగ్ పాడవబోతోందని చెప్పింది. బేరింగ్ మార్చారు. అదురు తగ్గలేదు. కొత్త బేరింగ్ కూడా పాడవబోతోందని మళ్లీ చెప్పింది. నేను వెళ్లి మోటారు పాదం మీద డయల్ గేజ్ (చిన్న కదలికను ముల్లుతో చూపే కొలత పరికరం) పెట్టి, నాలుగు ఫౌండేషన్ బోల్టులనూ ఒక్కొక్కటిగా వదులు చేసి బిగించి చూశాను. మూడు పాదాల దగ్గర ముల్లు కదలలేదు. నాలుగోది వదులు చేయగానే ముల్లు 0.2 మిల్లీమీటర్లు పైకి లేచింది. ఆ పాదం కింద సందు ఉంది, బోల్టు బిగించినప్పుడల్లా మోటారు ఒళ్లంతా మెలిపడుతోంది. సందు పూడ్చే పలచని రేకు (షిమ్) ఒకటి పెట్టాక యంత్రం నిమ్మళించింది.

సాఫ్ట్‌వేర్ అబద్ధం చెప్పలేదు. అదురు ఉంది, బేరింగ్ పాడయ్యేదే. ఎందుకు అన్నది దానికి కనపడలేదు, ఎందుకంటే పాదం కింద సెన్సర్ లేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. యంత్రాలను బాగా చూసుకునేచోట అవి అరుదుగా పాడవుతాయి. కాబట్టి పాడయ్యే తీరు నేర్చుకోవడానికి దానికి దొరికే ఉదాహరణలు కొద్ది. ఆ కొద్దిని సరిగా రాసిపెట్టేది మనుషులే. ‘బేరింగ్ మార్చాం’ అని రాసి వదిలేస్తే అది అదే నేర్చుకుంటుంది. ‘ముందువైపు ఎడమ పాదం కింద 0.2 సందు, షిమ్ పెట్టాం’ అని రాస్తే వచ్చే తరానికీ, వచ్చే సాఫ్ట్‌వేర్‌కీ అక్కరకొస్తుంది.

కాబట్టి కొత్తవాటిలో ఒకదాన్ని ఎంచుకుని లోతుగా నేర్చుకోండి. మీ పనికి దగ్గరగా ఉన్నదాన్నే ఎంచుకోండి. నేను అదురు విశ్లేషణ నలభై ఐదు దాటాక నేర్చుకున్నాను, మీకింకా చాలా సమయం ఉంది. దానితోపాటు ఈ వారం నుంచే ఖర్చు లేని పని ఒకటి మొదలుపెట్టండి.

ఏదైనా విరిగినప్పుడు ఆ ముక్కను పారేయనివ్వకండి. రెండు ముక్కలనూ కలిపి, సరిగ్గా అతుకుతాయో లేదో చూడాలని అందరికీ చెయ్యి లాగుతుంది. అలా చేయకండి, విరిగిన ముఖం మీది ఆనవాళ్లు రాసుకుని చెరిగిపోతాయి. వైర్ బ్రష్‌తో తోమకండి. ముందు ఉన్నది ఉన్నట్టుగా, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి. ఏ యంత్రం, ఎన్ని గంటలు నడిచింది, ఏ వైపు పైకి ఉంది అన్నది చీటీ మీద రాసి కట్టండి. తర్వాత ఏటవాలుగా లైటు వేసి చూడండి. ఫెటీగ్ అయితే ఒక పక్క నున్నగా, అల వెనక్కి వెళ్లాక ఇసుకలో మిగిలే చారల మాదిరిగా వంపు గీతలు ఉండవచ్చు. మిగతా పక్క గరుకుగా ఉంటుంది, అది చివరి క్షణంలో ఒక్కసారిగా తెగిన భాగం. ఆ వంపులన్నీ ఎటు దగ్గరవుతున్నాయో చూసుకుంటూ వెనక్కి వెళ్లండి. పగులు పుట్టిన చుక్క అక్కడ ఉంటుంది. గరుకు భాగం చిన్నదైతే భారం తక్కువే, బోల్టు చాలాకాలం ఓర్చుకుందని అర్థం. పెద్దదైతే మోయలేని బరువే మోసింది. మొదటి ముక్కలో మీకేమీ కనపడకపోవచ్చు. ఐదోదో ఆరోదో వచ్చేసరికి కనపడుతుంది. అప్పుడు ఆ ఫోటో ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.